గవ్వలదిబ్బ మీద నీడ

ఆ ఏడు ఉగాది రాకముందే సముద్రం కాగిపోయింది. చుట్టుపక్కల దీవుల్లో పగడాలు ఒకచోట తర్వాత ఒకచోట తెల్లబడిపోతున్నాయని రోజూ కబుర్లు వస్తున్నాయి. అందుకే గవ్వలదిబ్బ అనే పగడాల దిబ్బ దగ్గర బోటు అంచు మీద కూర్చుని గాలి సిలిండరు వీపుకి కట్టుకుంటున్నప్పుడు డాక్టర్ మైలపల్లి నూకరత్నం నీళ్ళవైపు తల తిప్పలేదు.

నీళ్ళలోకి దిగాక ముందుగా ఆమెకు చప్పుడు వినిపించింది. వందమంది వరసగా కూర్చుని చేగోడీలు నములుతున్నట్టు కరకరమని. అవి చిలుకచేపలు. పగడాల్నీ వాటి మీది పాచినీ గీరి తింటున్నాయి. చనిపోయిన దిబ్బ మీద ఆ చప్పుడు ఉండదు. రత్నం ఒక్క ఊపున కిందికి వెళ్ళింది.

దిబ్బ తెల్లబడలేదు. కొమ్మల పగడాలు తేనెరంగులో మెరుస్తున్నాయి. బోర్లించిన గంగాళాల్లాంటి గుండ్రటి పగడాల మధ్యనుంచి ముసలి తాబేలు ఒకటి తాపీగా ఈదుకుంటూ పోయింది. నుదుటిమీద బొప్పి కట్టినట్టుండే పెద్ద నీలిచేప, మనిషంత ఉంటుంది, రత్నాన్ని ఒకసారి చుట్టి చూసి తన దారిన పోయింది. కళ్ళద్దాల లోపల ఆమెకు కన్నీళ్ళు నిండి ఏమీ కనిపించలేదు.

పైకి వచ్చి, గోరంత పగడం ముక్కని బోటులోనే మైక్రోస్కోపు కింద పెట్టింది. పారదర్శకంగా ఉన్న ఆ చిన్న ప్రాణి ఒంటినిండా బంగారు రంగు చుక్కలు. ఆ చుక్కలే నాచు. అవి ఎండని పట్టుకుని వండిపెడితే పగడం తిని బతుకుతుంది. నీళ్ళు మరీ వేడెక్కితే పగడం తనకు అన్నం పెట్టే ఆ నాచునే బయటికి నెట్టేస్తుంది. తెల్లబడి, పస్తులతో చచ్చిపోతుంది. ఆ వేడికి తట్టుకుని పగడంలోనే నిలిచి ఉండే కొత్త నాచుని రత్నం పదేళ్ళపైన కష్టపడి ప్రయోగశాలలో పుట్టించింది. కాగిన మడుగుల్లో పెరిగే ఒక దూరపు జాతి నాచు నుంచి ఆ తట్టుకునే గుణం తెచ్చి ఇందులో కలిపింది. దానికి 'ఓర్పు' అని పేరు పెట్టింది. కిందటేడు ఆ నాచుని ఈ దిబ్బంతా పట్టించారు.

"ఉన్నాయి సార్. అన్నీ ఉన్నాయి" అంది తలెత్తి.

పక్కనే కూర్చున్న కోదండపాణి గారు ఆ ప్రయోగశాలకు పెద్ద. జీవితంలో సగానికి పైగా ఈ దిబ్బని కాపాడడానికే పెట్టిన మనిషి. మనుషులు అడుగుపెట్టని, ఎవరూ వలవేయని సముద్రం ఇంత మిగిలి ఉందంటే ఆయన తిరిగిన ఆఫీసులు, పడ్డ తిట్లు కారణం. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇక్కడ పుట్టిన పిల్లచేపలు ప్రవాహంలో పడి చుట్టూ ఉన్న దీవులన్నిటికీ పోతాయి. ఈ సముద్రంలో ఏ చేప తాతముత్తాతలనైనా అడుగు, ఒకరైనా గవ్వలదిబ్బ వాళ్ళే ఉంటారు. ఇది పోతే ఇంక మిగిలేది ఉప్పునీళ్ళే రత్నం. నేను పోయేలోగా ఇది పోతుందనుకున్నాను" అన్నాడు.

ఆ సంతోషంతోనే ఆమె సాయంత్రానికి పోలమ్మపేట వెళ్ళింది.

పోలమ్మపేట పక్క దీవిలోని చిన్న తెలుగు పల్లె. శ్రీకాకుళం తీరం నుంచి బతుకుతెరువుకి అండమాన్ వచ్చిన జాలర్లు రెండు తరాల కిందట వేసుకున్న ఊరు. రత్నం పుట్టింది అక్కడే. ఇప్పుడు ఆమె అన్న దానయ్య, వదిన పైడమ్మ అక్కడ ఉంటున్నారు.

"ఏటమ్మీ, మొకం అలగ ఎలిగిపోతంది?" అన్నాడు దానయ్య, వల పక్కన పడేసి.

"మా దిబ్బ బతికిందన్నా!"

"మీ దిబ్బే లే. మాం ఆ దరికొత్తే బోటేసుకుని తరుముతారు గదా" అని నవ్వాడు. చెల్లెలి చదువు కోసం చేసిన కష్టం గురించి ఎప్పుడూ ఎత్తని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం ఎత్తిపొడవకుండా ఉండలేడు.

"అన్నాసెల్లెళ్ళు ఆ దిబ్బ గొడవ తరవాత పడండి. ముందు కూడు తినండి" అంది పైడమ్మ.

దిబ్బ చుట్టూ వేట కూడదని గీసిన హద్దుకి ఇవతల దానయ్య గాలానికి పడ్డ పెద్ద గ్రూపర్ చేప పులుసు. తలకాయ ముక్కలు అన్న పళ్ళెంలో పడ్డాయి. పైడమ్మ ఆ రోజు ఒంటిపొద్దని చేప ముట్టలేదు. రత్నం రెండు ముక్కలు తిని, పొద్దుట్నించీ తిరిగిన అలసటతో చాలు అనేసింది.

తెల్లారి రేవులోంచి కేక వినిపించి ఆమె పరుగెత్తింది. దానయ్య ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపుకుంటున్నాడు. పక్కన ఐసుపెట్టె మూత తెరిచి ఉంది. చేపల మీద వేయడానికి తీసిన ఐసు ఇసకలో చెల్లాచెదురుగా పడి ఉంది.

"కాలిపోతన్నాయమ్మీ! నిప్పులమ్మీ అవి!"

చుట్టూ చేరినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకతను ఐసుముక్క తీసి, "సల్లగానే ఉంది గదేటి దానయ్యా" అన్నాడు అయోమయంగా. రత్నం వంగి తనూ ఒక ముక్క పట్టుకుంది. చేతిలో సెగ తగిలింది. కాలేంత కాదు. పొయ్యిమీంచి అప్పుడే దించిన గిన్నె అంచు తగిలినంత. ముక్క వదిలేసి, తన వేళ్ళవైపు చూసుకుంది. పెదవుల చుట్టూ తిమ్మిరి ఎక్కుతోంది.

ఈ జబ్బు ఆమె చదివింది. చచ్చిన పగడాల మీద పెరిగే ఒక రకం నాచులో విషం ఉంటుంది. దాన్ని చిన్నచేప తింటుంది, చిన్నచేపని పెద్దచేప తింటుంది, పెద్దచేపని మనిషి తింటాడు. అప్పుడు నరాలు తికమకపడి చల్లనిది కాలుతుంది. ఈ సముద్రంలో ఆ జబ్బు ఇంతకుముందు ఎవరికీ రాలేదు.

ఇసకలో నిలబడే ఆమెకు తెలిసిపోయింది. అయినా ప్రయోగశాలకు వెళ్ళి, ఆ చేప ముక్కనీ, దిబ్బ మీది చిలుకచేపనీ, చివరికి 'ఓర్పు'నీ పరీక్షించేదాకా తనకి తాను చెప్పుకోలేకపోయింది. మూడింటిలోనూ ఒకటే విషం. తట్టుకునే గుణం ఏ దూరపు చుట్టం దగ్గర తెచ్చిందో, విషం కూడా ఆ చుట్టం దగ్గరనుంచే వెంట వచ్చింది. తొట్టెల్లో పెట్టి వేడిచేసినన్నాళ్ళూ అది బయటపడలేదు. పైన మండే ఎండ, కింద కాగే నీళ్ళు రెండూ కలిసి వారాల తరబడి పట్టి ఉంచితేనే ఆ నాచు విషం తయారుచేస్తుంది. అంటే దిబ్బని కాపాడే పని చేస్తున్నప్పుడే.

రత్నం తెచ్చిన ఫలితాల్ని కోదండపాణి రెండుసార్లు చదివాడు.

రత్నం 'ఓర్పు'ని పుట్టించినప్పుడే దాన్ని చంపే మందు కూడా తయారుచేసింది. ఆ నాచుని తప్ప మరి దేన్నీ ముట్టని వైరస్ అది. నీలిరంగు డబ్బాలో, ఫ్రిజ్ అడుగున ఉంది.

"ఇప్పుడు అది వాడితే ఈ వేడిలో పగడాలు ఒట్టి ఎముకలవుతాయి" అన్నాడు ఆయన చివరికి. "వానలు దగ్గరపడ్డాయి. నీళ్ళు చల్లబడ్డాక వాడితే సముద్రంలోని పాత నాచు మళ్ళీ చేరుతుంది. అందాకా పల్లెవాళ్ళని చేప తినొద్దందాం. చేపలకేదో తెగులు వచ్చిందని చెబుదాం."

"అబద్ధం చెప్పలేను సార్. అక్కడున్నది మా అన్న."

"నిజం చెబితే ఆగుతారా?"

"ఏమో సార్. ఆగకపోయినా తప్పు వాళ్ళది కాదు."

రామకోవెల అరుగు మీద పల్లె పల్లెంతా కూర్చుంది. రత్నం నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ నాచు ఎవరు చేశారో, ఎందుకు చేశారో, అది ఏం చేసిందో. చెబుతున్నంతసేపూ అన్న ముఖం వైపు చూడలేకపోయింది. దానయ్య చేతులకి గుడ్డలు చుట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. గాలి తగిలినా మంటేనట.

"అయితే మా కడుపులు మాడ్సి ఆ రాళ్ళని బతికిత్తావా?" అని ఎవరో అరిచారు.

"వానలు పడేదాకానే. ప్రయోగశాల నుంచి బియ్యం, పప్పు, గుడ్లు పంపిస్తాం. ఇప్పుడే నాచుని చంపితే దిబ్బ చస్తుంది."

"సత్తే సావనీ!"

"అది చస్తే నాలుగేళ్ళలో మీ వలలు ఖాళీ అవుతాయి మావా. మీకు పడే చేప పుట్టేదక్కడే. అలాగని మీరు ఊరుకోవాల్సిందేనని అనను. చెయ్యమంటే రేపే చేస్తాను."

అరుపులు పెరిగాయి. అప్పుడు పైడమ్మ లేచింది.

"నా మొగుడి సేతులు పోనాయి. కాబట్టి నాను మాటాడతాను, మీరినండి. వానల్దాకా ఆగుదాం." అని ఆడపడుచు వైపు తిరిగింది. "గానీ రత్నవా, ఇంకొక్కళ్ళకి, ఒక్క పిల్లకి ఏటైనా అయిందంటే, మళ్ళీ ఆగమని అడగడానికి మాత్రం రాకు."

దానయ్య లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. తర్వాత ఆమె బియ్యం బోటుతో వచ్చిన ప్రతిసారీ వెనక గదిలోకి వెళ్ళి పడుకునేవాడు.

వానలు రావలసిన రోజులు వచ్చాయి, పోయాయి. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. చేప తప్ప ఇంకో కూర ఎరగని ఇళ్ళలో పప్పుచారు వాసనకే పిల్లలు ముఖం తిప్పుకుంటున్నారు. పడవలు ఇసకలో పడుకుని ఎండిపోతున్నాయి. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూలికి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళిపోయారు.

ఎర్రయ్య అనే అతను ఒకరోజు తెల్లవారుజామున గాలం పట్టుకుని పోయాడు. అతని ఆరేళ్ళ కూతురు ముత్యాలు అన్నం ముట్టడం మానేసిందట. చిన్న చేపే, ఏం కాదులే అనుకున్నాడు. మధ్యాహ్నానికి పిల్ల కాళ్ళు చచ్చుబడ్డాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. బియ్యం దింపుతున్న రత్నం ఆ పిల్లని ఎత్తుకుని బోటులోకి దూకింది. ఆస్పత్రి ఉన్న దీవి చేరేవరకూ ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి ఆగినప్పుడల్లా నోటితో ఊదుతూనే ఉంది. పక్కన కూర్చున్న ఎర్రయ్య తలబాదుకుంటూ, "నానే ఎట్టినానమ్మా, నా సేతుల్తో ఎట్టినాను" అని ఏడుస్తున్నాడు.

"నువ్వు కాదు ఎర్రయ్యా, నువ్వు కాదు" అంటూనే ఉంది రత్నం.

పిల్ల గండం గడిచిందని డాక్టర్లు చెప్పాక ఆమె తిన్నగా ప్రయోగశాలకు వచ్చింది. కోదండపాణి గది తలుపు దగ్గర నిలబడింది. ఆమె చీరకి అంటిన వాంతి ఇంకా ఆరలేదు.

"డబ్బా తాళం ఇవ్వండి సార్."

"వాన ఇంకో వారంలో పడొచ్చు రత్నం."

"పడొచ్చు."

ఆయన ఆమె చీరవైపు చూశాడు. సొరుగులోంచి తాళం తీసి, ఇవ్వబోయి ఆగి, "నేనూ వస్తాను. నువ్వొక్కదానివే చేశావన్న మాట ఉండకూడదు" అన్నాడు.

ఇద్దరూ వెళ్ళి ఆ మందుని దిబ్బ మీద వదిలారు. కొద్దిరోజుల్లోనే తేనెరంగు పలచబడింది. కొమ్మల చివర్లు తెల్లబడ్డాయి, తర్వాత కొమ్మలు, తర్వాత దిబ్బ. ముసలాయన నీళ్ళలోకి దిగడం మానేసి బోటులో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

నాచుని చంపేశామని చెప్పడానికి రత్నం పల్లెకి వెళ్ళింది. ఈసారి దానయ్య లోపలికి పోలేదు.

"ముత్యాలు లెగిసి కూకుందంట" అన్నాడు. చాలా రోజుల తర్వాత అన్న గొంతు వినేసరికి ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ఆ దిబ్బ సచ్చిపోద్దా?"

"పోతోందన్నా."

"నాకు సూపించు."

ఆ సముద్రంలో పుట్టి పెరిగిన దానయ్య ఏనాడూ ఆ హద్దు దాటి లోపలికి వెళ్ళలేదు. నీళ్ళు చేతులకి మంటగా తగులుతాయని రత్నం అడుగున అద్దం బిగించిన చిన్న పడవ తెచ్చింది. అతను బోర్లా పడుకుని అద్దంలోంచి చూశాడు. కింద అంతా పాలరాతితో చెక్కినట్టు తెల్లగా, మెరుస్తూ ఉంది. చేపలు ఇంకా ఉన్నాయి. ఇల్లు కాలిపోయినా గుమ్మం వదలని మనుషుల్లా అక్కడక్కడే తిరుగుతున్నాయి. బొప్పి నుదురు నీలిచేప అద్దం దాకా వచ్చి అతని కళ్ళలోకి చూసి పోయింది.

"ఇంతుందా ఇక్కడ" అన్నాడు మెల్లగా. "ఇన్నేళ్ళూ దొంగల్ని తోలినట్టు తోలినారే గానీ, ఒక్కసారి పిల్సి సూపించినారు కాదు గదమ్మీ."

రత్నం తెడ్డు వేసి పడవని ఇంకాస్త లోపలికి నడిపింది.

"ఇయ్యన్నీ సచ్చిపోనాయా?"

"ఇంకా లేదు. తెల్లబడ్డవి కొన్నాళ్ళు పస్తుంటాయి. వేడికి తోడు ఎండ తగిలితే త్వరగా పోతాయి. తొట్టెల్లో అయితే నీడ వేసి ఆపుతాం. ఇంత సముద్రానికి నీడ ఎవరేస్తారు?"

దానయ్య లేచి కూర్చున్నాడు. "ఇంత సముద్రానికి ఎయ్యలేం. ఓ నూర్పిడి కళ్ళవంత జాగాకి ఎయ్యలేమేటి?"

మర్నాడు పొద్దున్న పోలమ్మపేట పడవలన్నీ హద్దు దగ్గరికి వచ్చాయి. సునామీ తర్వాత పంచిన నీలి టార్పాలిన్లు, పాత తెరచాపలు, పెళ్ళి పందిరి గుడ్డలు, కొబ్బరాకులు అల్లిన చింకి వలలు వాటిలో పోగుపడి ఉన్నాయి. కాపలా బోటు వాళ్ళు అలవాటుగా అడ్డం వచ్చారు. కోదండపాణి బోటు ముందుకి వచ్చి నిలబడి, "రానివ్వండి. ఈసారి మనమే పిలుస్తున్నాం" అన్నాడు. అప్పటిదాకా ఎవరూ ఎవర్నీ పిలవలేదని అందరికీ తెలుసు. కాపలా బోటు పక్కకి తప్పుకుంది.

దిబ్బకి ఒక చివర, లోతు తక్కువగా ఉన్న మూల ఎంచుకున్నారు. ఖాళీ డ్రమ్ములకి తాళ్ళు కట్టి, వాటి మీద గుడ్డలు పరిచి, అలకి కొట్టుకుపోకుండా ఇసకబస్తాలు వేలాడదీశారు. గాలి వచ్చినప్పుడల్లా ఒక మూల చిరిగేది, పైడమ్మా ఆడవాళ్ళూ పడవల్లోనే కూర్చుని కుట్టేవారు. ఎర్రయ్య ఎవరు పిలవకముందే నీళ్ళలో ఉండేవాడు. దానయ్య తడితాడు పట్టుకోలేక పళ్ళు బిగించి, మోచేతులకి తాడు చుట్టుకుని లాగేవాడు. రత్నం వద్దంటే, "నువ్వూరుకో, నాను నొప్పని సెప్పీదాకా" అనేవాడు. ఎప్పుడూ చెప్పలేదు.

వాన పడిన రోజు అందరూ పందిరి చిరుగులు కుడుతూనే ఉన్నారు. ముందు పడమటి నుంచి చల్లగాలి వచ్చింది. తర్వాత చినుకులు టార్పాలిన్ల మీద డప్పులు వాయించినట్టు పడ్డాయి. దానయ్య మొహాన గుడ్డ కప్పుకుని పడవలో ముడుచుకున్నాడు. ఒంటిమీద పడే ఒక్కొక్క చినుకూ అతనికి నిప్పురవ్వే. పైడమ్మ భర్త మీద వంగి వీపుతో వానకి అడ్డం నిలబడింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో రత్నానికి తెలియలేదు.

గవ్వలదిబ్బలో పెద్ద భాగం పోయింది. కొన్ని వందల ఏళ్ళ నాటి గుండ్రటి పగడాలు పాచి పట్టి ముక్కలయ్యాయి. పందిరి కింది మూల మాత్రం మెల్లమెల్లగా మళ్ళీ గోధుమరంగు తిరిగింది. చేపల్లో విషం పూర్తిగా పోవడానికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో పోలమ్మపేటలో కొన్ని ఇళ్ళకి తాళాలు పడ్డాయి, కొన్ని మళ్ళీ తెరుచుకోలేదు. ముత్యాలు బడికి పోతోంది, కాస్త కుంటుతుంది. వేరే దేశాల వాళ్ళు 'ఓర్పు'ని ఇమ్మని అడిగితే రత్నం ఇవ్వలేదు. జరిగినదంతా చెప్పి, పందిళ్ళు ఎలా వేయాలో నేర్పడానికి పల్లెవాళ్ళని పంపింది. కోదండపాణి పదవి దిగేముందు హద్దు కాపలాకి పల్లె మనుషుల్నే పెట్టించాడు. వాళ్ళ మొదటి బోటు దానయ్య చేతికి వచ్చింది. చేతుల మంట తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పోదని డాక్టర్లు చెప్పారు.

రెండేళ్ళ తర్వాత, వేసవి మొదట్లో, పౌర్ణమి వెళ్ళిన నాలుగైదు రోజులకి, ఒకరోజు ఉదయం దానయ్య కాపలా బోటులో రత్నం కూడా ఉంది. వెనక వేటకు పోయే పడవలు వరసగా వస్తున్నాయి. హద్దుకి కాస్త ఇవతల నీటి మీద గులాబీరంగు తెట్టు ఒకటి పొడుగ్గా, చీర ఆరేసినట్టు తేలుతోంది.

దానయ్య ముఖం చిట్లించాడు. "ఇదేటమ్మీ? ఎవులైనా నూనొంపినారా?"

రత్నం వంగి దోసిట్లోకి తీసుకుంది. ఆవగింజలంత గులాబీ పూసలు. ఆమె దోసిలి అన్న ముందుకి చాపింది.

"పిల్లలన్నా."

"ఎవరి పిల్లలు?"

"దిబ్బ పిల్లలు. రాత్రి ఈనింది. ఇప్పుడు ఊళ్ళు వెతుక్కుంటూ పోతున్నాయి. ఎక్కడ రాయి దొరికితే అక్కడ ఆగి ఇల్లు కట్టుకుంటాయి."

దానయ్య ఆ తెట్టు వైపు చూశాడు. అది ప్రవాహంలో సాగి, మెల్లగా పక్క దీవుల వైపు తిరుగుతోంది. అతను చెయ్యి చాపి మోటారు ఆపేశాడు. వెనక పడవల వాళ్ళు ఏమైందని కేకలు వేశారు.

"మోటార్లు ఆపీండ్రా!" అని అరిచాడు. "రెక్కలు తగుల్తాయి. కింద సంటిబిడ్డలున్నారు!"

ఒకదాని తర్వాత ఒకటి మోటార్లన్నీ ఆగిపోయాయి. పడవల్లో మనుషులు లేచి నిలబడి, ఆ గులాబీ తెట్టు తమ పక్కనుంచి దాటిపోయేదాకా తెడ్లు కూడా వేయకుండా చూస్తూ ఉండిపోయారు.